కొత్త చిప్ సరే, అందులో వర్చువల్ మెషీన్ నడుస్తుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెడుతుందని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి మా మధురవాడ, రుషికొండ వైపు ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా డేటా సెంటర్ మాటే. స్థలాల రేట్ల గురించి మీరూ రాస్తున్నారు, మంచిదే. ఆ సెంటర్లలో నడిచే ప్రాసెసర్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గూగుల్ 2024లోనే ఏఆర్‌ఎం (ఫోన్లలో ఎక్కువగా ఉండే ప్రాసెసర్ రకం) మీద సొంతంగా ఆక్సియన్ అని ఒకటి ప్రకటించింది, అమెజాన్ అంతకన్నా ముందే 2018లో గ్రావిటన్ తెచ్చింది. మన పిల్లలు నేర్చుకునేది మాత్రం ఇంకా ఎక్స్86, అంటే మామూలు పీసీల్లో ఉండే ఇంటెల్, ఏఎండీ రకం ప్రాసెసర్ల మీదే.

నేను ఇక్కడో ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. పిల్లలకు తలా ఒక వర్చువల్ మెషీన్, అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, ఇస్తాం. అందులో ఏం పాడుచేసినా స్నాప్‌షాట్ (ముందే దాచుకున్న కాపీ) నుంచి వెనక్కి తెచ్చేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ కొత్తదే. ఇది లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ నడపడం నా వల్ల కాదు, సెమిస్టర్‌లో సగం రోజులు ఫార్మాట్లు కొట్టుకుంటూ కూర్చోవాల్సిందే.

పోయినేడు మా మేనేజ్‌మెంట్‌కి రిస్క్-ఫైవ్ (ఎవరైనా లైసెన్స్ ఫీజు లేకుండా వాడుకోగల ప్రాసెసర్ రకం) బోర్డుల మీద మోజు పుట్టింది. ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి, సీడాక్ వేగా ప్రాసెసర్లు, వీటి కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన డీఐఆర్-వీ కార్యక్రమం, ఇవన్నీ పేపర్లో చదివితే ఎవరికైనా పుడుతుంది, నాకూ ఇష్టమే. ఒక డీలరు దగ్గర (పేరెందుకులెండి) నమూనాకి ఒక బోర్డు తెప్పించాం. "లినక్స్ నడుస్తుంది సార్, అన్నీ నడుస్తాయి" అన్నాడు. లినక్స్ నడిచింది, నిజమే. మా పాత వర్చువల్ మెషీన్ ఫైలు తెచ్చి దాని మీద క్యూఈఎంయూలో (వర్చువల్ మెషీన్లు నడిపే, వేరే ప్రాసెసర్లని అనుకరించే సాఫ్ట్‌వేర్) స్టార్ట్ చేసి, క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి, ఇద్దరితో కబుర్లు చెప్పి తిరిగొచ్చేసరికి బూట్ మెసేజ్‌లు ఇంకా ఒక్కో లైనూ దిగుతున్నాయి. లాగిన్ జాడ లేదు.

సగం తప్పు నాదే. ఆ ఫైల్లో ఉన్నది ఎక్స్86 లినక్స్, దాన్ని వేరే ప్రాసెసర్ మీద నడపాలంటే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేర్ అనువదించుకుంటూ పోవాలి, దాన్ని ఎమ్యులేషన్ అంటారు. సరేనని రిస్క్-ఫైవ్ లినక్స్‌నే వేసి చూశా. అదీ నత్త నడకే. అప్పుడు ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే, చిప్‌కి ఏయే సదుపాయాలున్నాయో అక్షరాల్లో చెప్పే ఐఎస్ఏ అన్న వరుసలో ఆర్‌వీ64ఐఎంఏఎఫ్‌డీసీ అని ఉంది. చివర హెచ్ లేదు. గొడవంతా ఆ ఒక్క అక్షరం దగ్గరే.

హెచ్ అంటే హైపర్‌వైజర్ ఎక్స్‌టెన్షన్, అంటే ఒకే కంప్యూటర్‌ని వర్చువల్ మెషీన్లకు పంచిపెట్టే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్‌కి చిప్‌లోనే ఉండే సదుపాయం. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు వాటాల ఇంట్లో ప్రతి వాటావాడూ ఇల్లంతా తనదే అనుకుని మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేస్తాడనుకోండి, వేసిన ప్రతిసారీ ఓనరుకి గంట మోగాలి, ఆయన వచ్చి వాడి వాటా వరకే కరెంటు తీసి వెళ్లాలి. ఓనరు హైపర్‌వైజర్, వాటావాళ్లు వర్చువల్ మెషీన్లు అన్నమాట. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు చెప్పింది దాదాపు ఇదే. పాత ఎక్స్86లో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లకి ఆ గంట మోగేదే కాదు, పని జరిగేది కాదు, జరగలేదని ఎవరికీ తెలిసేదీ కాదు. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో చిప్‌లోనే ఏర్పాటు చేశాక 2007లో లినక్స్‌లోకి దాన్నే హైపర్‌వైజర్‌గా మార్చే కేవీఎం వచ్చింది. రిస్క్-ఫైవ్‌లో గంట మొదట్నుంచీ ఉంది గానీ, మెమరీ చిరునామాలను రెండు అంచెల్లో మార్చడం, లోపలి లినక్స్‌కి విడిగా రిజిస్టర్లు ఇవ్వడం హెచ్‌తోనే వస్తాయి. అది లేని చిప్ మీద కేవీఎం అసలు మొదలవదు.

ఒక ప్రాసెసర్ మీది కేవీఎంని ఇంకోదాని మీదికి తేవడం మాటలు కాదు. ఏఆర్‌ఎంలో హైపర్‌వైజర్‌కి విడిగా ఈఎల్2 అని ఒక అంతస్తు ఉంది, మొదట్లో అందులో లినక్స్ మొత్తం పట్టేది కాదు, కాబట్టి కోడ్‌ని రెండు ముక్కలు చేసి కొంత అక్కడ, కొంత మామూలు చోట పెట్టి నడిపారు. కొలంబియా యూనివర్సిటీలో పరిశోధనగా మొదలైన పని అది, 2013లో లినక్స్ 3.9లో చేరింది. రిస్క్-ఫైవ్ కథ ఇంకా బాగుంటుంది. కేవీఎంకి కావాల్సిన కోడ్ ప్యాచ్‌లు 2019లోనే వచ్చాయి, హెచ్ స్పెసిఫికేషన్ ఖరారు కానిదే లినక్స్ కెర్నెల్‌లోకి (లినక్స్ అసలు గుండెకాయ) తీసుకోం అని ఆపేశారు. 2021 చివర్లో ఖరారైంది, 2022 జనవరిలో లినక్స్ 5.16తో కేవీఎం అందరికీ అందింది. ఆ రెండేళ్లకు పైగా కాలమంతా బజార్లో హెచ్ ఉన్న చిప్ దొరకకపోయినా చాలావరకు క్యూఈఎంయూలోనే అలాంటి ప్రాసెసర్‌ని అనుకరించి పరీక్షలు చేసుకున్నారు.

అదే పని మనమూ చేసుకోవచ్చు కదా, బోర్డులు కొనకముందే, పైసా ఖర్చు లేకుండా! మా థర్డ్ ఇయర్ అమ్మాయిలు ఇద్దరు నాలుగు శనివారాలు కూర్చుని మామూలు పీసీలో క్యూఈఎంయూ, అందులో హెచ్ ఉన్న రిస్క్-ఫైవ్, అందులో లినక్స్, దాంట్లో కేవీఎం మీద ఇంకో లినక్స్ లేపారు. స్లో అంటే మామూలు స్లో కాదు, అయినా ల్యాబ్‌ని మార్చాలంటే ఏమేం చేయాలో తేలిపోయింది. మా పద్నాలుగు ప్రయోగాల్లో ఐదింటిలో ఎక్స్86 అసెంబ్లీ ఉంది, వాటిని మళ్లీ రాయాలి. డిస్క్ ఫైళ్లన్నీ కొత్తగా తయారు చేసుకోవాలి. బోర్డులు వచ్చి పడ్డాక ఇది తెలిసి ఉంటే, అబ్బ, ఎంత టెన్షనో.

మీకు నా విన్నపం ఒక్కటే. కొత్త చిప్ వార్త రాసేటప్పుడు గిగాహెర్ట్జ్ పక్కన వర్చువలైజేషన్ ఉందో లేదో కూడా ఒక్క ముక్క రాయండి, కాలేజీల వాళ్లు అది చూసే కొంటారు. వచ్చే నెల మేం మళ్లీ కొటేషన్లు పిలుస్తున్నాం, పట్టికలో "హెచ్ ఎక్స్‌టెన్షన్: ఉంది / లేదు" అని నేనే ఒక వరుస కలిపాను. ఇప్పటికి ఇద్దరు డీలర్లు ఫోన్ చేశారు. ఇద్దరూ అడిగింది ఒకటే: "హెచ్ అంటే హెచ్‌డీఎంఐ పోర్టేనా సార్?"

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి,
మధురవాడ, విశాఖపట్నం