తీపి తగ్గిన సాస్‌లు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వ్యాయామ తరగతులు, పుస్తకాల మార్పిడి ఎప్పటిలాగే నడిచాయి. కొత్తగా చెప్పుకోవాల్సింది వంట బృందం పని గురించే. ఇంట్లో రోజూ వాడే సాస్‌లలో చక్కెర తగ్గించి, రుచి పోకుండా చూడాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం.

ముందు టమాటా కెచప్ పట్టుకున్నారు. మామూలు కెచప్ ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. పిల్లలు కెచప్‌ని స్పూన్‌తో కొలిచి వేసుకోరు కదా! ఆహారానికి కలిపే చక్కెరలు రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు అయితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2000 కేలరీలు తినేవారికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. తేనె, పళ్లరసాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అందుకే చక్కెర బదులు తేనె వేద్దామన్న ప్రతిపాదన నిలబడలేదు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. సాస్‌లో చక్కెర ఇచ్చేది తీపి మాత్రమే కాదు. వెనిగర్ ఘాటును అణచేది, సాస్‌ని చిక్కగా ఉంచేది, నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేసేది కూడా అదే. తీసేస్తే ఈ పనులన్నీ వేరే వాటికి అప్పజెప్పాలి. టమాటా, ఉల్లి, క్యారెట్‌లను ఓవెన్‌లో నిదానంగా కాల్చి రుబ్బితే వాటి సొంత తీపి పైకి వస్తుంది. చిక్కదనానికి సన్న మంట మీద మరికాసేపు ఉడికిస్తే చాలు, లేదంటే చిటికెడు జాంథన్ గమ్ (సాస్‌ని చిక్కబరిచే పొడి) కలపాలి.

నిల్వ దగ్గర మాత్రం రాజీ లేదు. పులుపు ఎక్కువైందని కొందరు వంటసోడా వేస్తారు. అలా చేస్తే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు తగ్గేకొద్దీ పెరుగుతుంది) పెరుగుతుంది. 4.6 దాటితే, గాలి చొరని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. టమాటాల్లో కొన్ని రకాలు సహజంగానే ఆ గీతకు దగ్గరగా ఉంటాయి. కాబట్టి వెనిగర్ తగ్గించొద్దు, సోడా వేయొద్దు. మన సాస్‌లు చిన్న సీసాల్లో, ఫ్రిజ్‌లోనే ఉండాలి, త్వరగా వాడేయాలి.

చక్కెర బదులు వాడే తీపి పదార్థాల మీద బృందంలో గట్టి వాదనే జరిగింది. స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) కొంచెం ఎక్కువైతే నాలుక మీద చేదు మిగులుతుంది. ఎరిత్రిటాల్ (చక్కెరలా కనిపించే తీపి పొడి) చల్లబడితే పలుకులు కడుతుంది. బరువు అదుపు కోసం స్టీవియా లాంటి చక్కెర రహిత తీపి పదార్థాలు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది కూడా. చివరికి వాటిని ఎవరి ఇష్టానికి వాళ్లకు వదిలేశారు. నాకైతే నాలుకకే మెల్లగా తీపి అలవాటు తగ్గించడం మేలనిపిస్తుంది.

ఇంకో మాట: తీపి తగ్గగానే చెయ్యి ఉప్పు డబ్బా వైపు వెళ్తుంది. బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్త. ఎండు పుట్టగొడుగుల పొడి కొద్దిగా కలిపితే ఉప్పు పెంచకుండానే రుచి నిండుగా వస్తుంది.

ఆవాల సాస్, మయోనైజ్‌లలో చక్కెర మామూలుగానే తక్కువ, వాటి జోలికి పోలేదు. బార్బెక్యూ సాస్ ఇంకా కుదరలేదు. అందులో తీపే ప్రధానం, పైగా మెరుపు, రంగు కూడా దానివల్లే. వచ్చే ఏడాది మొదటి పని అదే. రుచి చూసే జట్టులో చేరాలనుకునేవారు కార్యదర్శికి పేరు ఇవ్వండి. వచ్చేటప్పుడు నీళ్లలో మరిగించి ఆరబెట్టిన చిన్న గాజు సీసా వెంట తెచ్చుకోండి.