ఐదు రోజుల ఫీల్డ్‌వర్క్‌తోని ఏం తెలుస్తది

ఎడిటర్ గారికి నమస్కారం. మాది అచ్చంపేట దగ్గర ఊరు, ఆంత్రోపాలజీ, అంటె మనుషుల బతుకులు, ఆచారాలు, చుట్టరికాల గురించి చెప్పే శాస్త్రం, చదివి ఇప్పుడు ఒక యూనివర్సిటీల కాంట్రాక్టు మీద అదే సబ్జెక్టు చెప్తున్న.

మేం ఎంఏ చేసేటప్పుడు నెల రోజులు ఫీల్డ్‌వర్క్, అంటె జనం నడుమనే ఉండి వాళ్ల బతుకు తెలుసుకునుడు, ఉండె. నన్ను అమ్రాబాద్ అడవిల ఒక చెంచు పెంటకు (పెంట అంటె చెంచుల గూడెం) పంపిన్రు, మొదటి వారం ఎవ్వరూ సరిగ్గ మాట్లాడలే, మేమేదో రేషన్ కార్డుల సర్వేకు వచ్చినమనుకున్నరు. మూడో వారంల వాళ్లతోని తేనెకు పోయిన. ఒకాయన తాడు పట్టుకొని కొండ చరియకు దిగుతుంటె పైన తాడు కాసేది ఆయన బామ్మర్ది, సొంత తమ్ముడు పక్కనే నిలబడ్డడు గని తాడు ముట్టలే. ఎందుకట్ల మామా అని ఆడున్న ఒక పెద్దాయనను అడిగితే, "ఇడిస్తే వాని అక్క బొట్టే పోతది, ఎట్లిడుస్తడు బిడ్డా" అన్నడు. క్లాస్‌ల త్రిభుజమంటె మగ, సున్నా అంటె ఆడ, నడుమ రెండు గీతలు పెండ్లి అని కిన్‌షిప్ చార్ట్‌లు (చుట్టరికాల పటాలు) ఎన్ని గీసిన్నో, ఆ గీతల బరువెంతో ఆ తాడు చూసినంకనే తెలిసింది.

ఇప్పుడు మా దగ్గర ఆ నెల ఫీల్డ్‌వర్క్‌ను ఐదు రోజులకు తెచ్చిన్రు. పైసల్లేవంటరు. పిల్లలు పొద్దున వ్యాన్‌ల పోయి ఫారాలు నింపుకొని చీకటి పడకముందే మన్ననూరుకొచ్చి పండుకుంటరు, వాళ్లను అనేదేముంది, వాళ్లకు దొరికిందే అంత. సివిల్స్ పరీక్షల ఈ సబ్జెక్టు ఆప్షనల్‌గ ఉందని చేరేటోళ్లు గూడ మస్తుమంది, అది తప్పనను, రేపు ఐటీడీఏ (గిరిజనుల అభివృద్ధి సంస్థ) పీవోలుగ, అంటె దాని పెద్దాఫీసర్లుగ, వచ్చేది వాళ్లే కాబట్టి వాళ్లయితే ఇంకా ఎక్కువ రోజులు పెంటల ఉండాలె. 1940లల్ల హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా ఆంత్రోపాలజిస్టు ఇదే అడవిల చెంచుల నడుమ తిరిగి 1943ల పుస్తకం తెచ్చిండు, తర్వాత ఉస్మానియాల పాఠాలు గూడ చెప్పిండు. అప్పట్ల రోడ్డు లేకున్నా అయిన పని ఇప్పుడెందుకు కాదు?

ఇంకోటి. నల్లగొండ యూనివర్సిటీ 2007ల, పాలమూరుది 2008ల వచ్చినయి. ఒక దిక్కు చెంచు పెంటలు, దేవరకొండ తండాలు, ఇంకో దిక్కు మర్రిగూడల ఫ్లోరైడు నీళ్లకు నడుములు వంగిన మనుషులు, ఊరూరు వలసపోయిన పాలమూరు లేబర్, ఇన్ని ఉన్న చోట ఈ రెండిట్ల ఒక్కదాంట్లనన్న మంచి ఆంత్రోపాలజీ డిపార్ట్‌మెంట్ నిలబెట్టి, పర్మినెంట్ పోస్టులిచ్చి, నెల ఫీల్డ్‌వర్క్‌కు బడ్జెట్ పెట్టమని ప్రభుత్వాన్ని అడుగుతున్న.

పోయిన ఎండాకాలం పిల్లలను తీస్కపోతే పెంటల ఇంటర్ పాసైన చెంచు పిల్ల ఒకామె నా నోట్‌బుక్ పట్టుకొని చానా సేపు చూసింది. "మా వాళ్ల గురించి నేనే రాయాలంటె ఏం చదవాలె మేడమ్, యాడ చెప్తరు?" అన్నది. హైదరాబాద్ పోవాలె అన్న. వాళ్లమ్మ పక్కనే ఉండి, ఆడ హాస్టల్‌కు ఎంతైతదని అడిగింది.

- ఒక లెక్చరర్, అచ్చంపేట