బడి మెసేజి ఆగుతోంది, దొంగ మెసేజి చేరుతోంది: కేంద్ర కమ్యూనికేషన్ల సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. బడులు, సహకార సంఘాల్లాంటి చిన్న సంస్థల తరఫున ఇది రాస్తున్నాం. ఈ సంస్థలు మెసేజి పంపాలంటే పంపేవారి గుర్తుగా కనబడే పేరు (హెడర్), మెసేజి నమూనా పాఠం (టెంప్లేట్) టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో ముందే ఆమోదం పొందాలి. డీఎల్‌టీలో తెలుగు టెంప్లేట్ల ఇబ్బంది మీద పై అధికారులకు మూడు అర్జీలు పెట్టాం. రెండింటికి జవాబే లేదు. మూడోదాన్ని "మీ ఆపరేటరును సంప్రదించండి" అన్న ఒక్క మాటతో మూసేశారు. ఆపరేటరు దగ్గరికి వెళ్తే "నిబంధన మాది కాదు, పైవాళ్లది" అంటారు. మీరు గుంటూరు ఎంపీ. కష్టం తెలుగు అక్షరానిది. అందుకే మీకు, తెలుగులోనే రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. హెడర్ రిజిస్ట్రేషన్ ఎత్తేయమని మేం అడగడం లేదు. అది ఉండాలి, ఇంకా గట్టిగా ఉండాలి. 2024 మేలో మీ శాఖే ఎనిమిది సంస్థలను, వాటి 73 హెడర్లను బ్లాక్‌లిస్టులో పెట్టింది. మూడు నెలల్లో పదివేలకు పైగా మోసపు మెసేజీలు ఆ హెడర్ల మీదే పోయాయని చెప్పింది. అంటే నమోదు చేయించుకున్న పేర్లతోనే ఆ మోసం జరిగింది. ఆ తర్వాత వచ్చిన లింకుల వైట్‌లిస్టింగు (నమోదైన లింకులనే అనుమతించడం), మెసేజి ఎవరెవరి చేతులు మారిందో తెలిసేలా సంస్థ నుంచి చివరి టెలీమార్కెటర్ దాకా గొలుసు కట్టడం, హెడర్ చివర మెసేజి రకం చెప్పే పీ, ఎస్, టీ, జీ అక్షరాలు, అన్నిటినీ మేం స్వాగతించాం. చేతనైనంతవరకు పాటిస్తున్నాం.

మా బాధ టెంప్లేట్ దగ్గర ఉంది. అదీ తెలుగు టెంప్లేట్ దగ్గర.

ఒక బడి రోజూ పంపాల్సిన మెసేజి చూడండి: "మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు. కారణం తెలియజేయండి. ప్రధానోపాధ్యాయులు". చదవడానికి రెండు ముక్కలు. యంత్రం లెక్కలో మాత్రం 67 క్యారెక్టర్లు. పొల్లు ఒకటి, ఒత్తు కింద దాగిన హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది. మనకు ఒక్క అక్షరంగా కనబడే "స్త్రీ" దానికి ఆరు. ఇంగ్లిష్ మెసేజికి 160 దాకా చోటు ఉంటే, ఒక్క తెలుగు అక్షరం పడగానే ఆ మెసేజి మొత్తానికి హద్దు 70కి పడిపోతుంది. పై మెసేజిలో పిల్లవాడి పేరు లేదు, బడి పేరు లేదు. సంస్థ పేరు లేనిదే టెంప్లేట్ ఒప్పుకోరు కాబట్టి అది చేర్చాలి. చేర్చగానే 70 దాటి రెండు మెసేజీలవుతుంది, బిల్లు రెట్టింపవుతుంది. ఇదే కబురు ఇంగ్లిష్‌లో పంపితే పిల్లవాడి పేరు, బడి పేరు, ఫోన్ నంబరు అన్నీ కలిపినా ఒక్క మెసేజిలో సరిపోతుంది. తెలుగులో చెప్పినందుకు జరిమానా కడుతున్నట్టుంది, సార్.

70 అన్నది ప్రపంచమంతటికీ ఒకటే కొలత, దాన్ని మీరు మార్చలేరని మాకు తెలుసు. మార్చగలిగినవి వేరే ఉన్నాయి.

వేరియబుల్ సంగతి తీసుకోండి, అంటే టెంప్లేట్‌లో పేరు, తేదీ లాంటివి మెసేజి మెసేజికీ మార్చి నింపే ఖాళీ. ఒక్కో వేరియబుల్‌లో సాధారణంగా 30 క్యారెక్టర్లు దాటనివ్వరు. జిల్లా సహకార బ్యాంకు తన కింది సంఘాల తరఫున రైతులకు వాయిదా గడువు చెప్పాలనుకుంటే, సంఘం పేరు వేరియబుల్‌లో పెట్టాలి. "ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం" అన్న మాటలే 33. ఊరి పేరు ఇంకా రానేలేదు. పంపే మెసేజిని ఆమోదం పొందిన టెంప్లేట్‌తో యంత్రం పోల్చి చూసే స్క్రబ్బింగులో ఆ మెసేజి పడిపోతుంది. రైతుకు గడువు తెలియదు. గడువులోపు కడితే దక్కే వడ్డీ రాయితీ చేజారిపోయాక సొసైటీ కార్యదర్శి మీద పడి అరుస్తాడు. "పంపాను" అంటాడు కార్యదర్శి. ఆయన పంపిన మాట నిజమే.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపిస్తున్నది కంటికి కనబడని ఒక గుర్తు. సాంకేతికంగా దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. "ఏప్రిల్" అని రాసి ఆగినా, పక్క అక్షరం ఒత్తుగా మారకుండా "ఏప్రిల్‌లో" అని రాసినా, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. మాట చివర వస్తే తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. టెంప్లేట్‌ను ఆఫీసు కంప్యూటర్లో టైపు చేసి ఆమోదం తెచ్చుకుంటారు. మర్నాడు క్లర్కు అదే మెసేజిని ఫోన్లో టైపు చేసి పంపుతాడు. ఒకదాంట్లో ఆ గుర్తు ఉంది, రెండోదాంట్లో లేదు. స్క్రబ్బింగ్ యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. "టెంప్లేట్ సరిపోలలేదు" అని ఆపేస్తుంది. క్లర్కు ఎన్నిసార్లు పోల్చి చూసుకున్నా తేడా దొరకదు. తేడా తెర మీద లేదు కదా! ఐత్వంతో కూడా ఇదే తంటా. దాన్ని ఒకే కోడ్‌గానూ దాచవచ్చు, ఎత్వం గుర్తు ఒకటి, కింది గుర్తు ఒకటి, ఇలా రెండు ముక్కలుగానూ దాచవచ్చు. చూడటానికి ఒకటే ఐత్వం.

దీనికి మందు చాలా చిన్నది. పోల్చి చూసే ముందు రెండు పాఠాలనూ యూనికోడ్ ప్రమాణం చెప్పిన ఒకే రూపంలోకి మార్చాలి, ఆ కనబడని గుర్తును లెక్కలోంచి తీసేయాలి. ప్రోగ్రాం రాసేవాళ్లకు పెద్ద పని కాదు. దీనివల్ల మోసగాడికి ఒక్క సందు కూడా దొరకదు, మాటలు మారవు కాబట్టి.

ఇక ఆమోదం. ఇంగ్లిష్ టెంప్లేట్ గంటల్లో తేలిపోతుంది. తెలుగుది తిరిగొస్తుంది. కారణం గడిలో "సరైన కేటగిరీ ఎంచుకోండి" అనో "కంటెంట్ సరిగా లేదు" అనో ఉంటుంది. ఏ మాట సరిగా లేదో ఉండదు. "ఫీజు గడువు ఈ నెల 10" అన్నది సర్వీసు మెసేజి, "అడ్మిషన్లు మొదలయ్యాయి" అన్నది ప్రచారం. తెలుగు చదివినవారెవరైనా చిటికెలో చెప్పగలరు. చెప్పలేకపోతున్నారంటే చూసేవారికి తెలుగు రాదనే మేం అనుకోవాలి. ఇంగ్లిష్ అనువాదం జతచేసినా అదే కారణం, అదే తిరుగు టపా. ఒక ఆపరేటరు ఒప్పుకున్నదాన్ని ఇంకో ఆపరేటరు కాదంటాడు. ఈ డీఎల్‌టీ సాంకేతికతను తయారుచేసిన ప్రధాన కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌దే. అక్కడ తెలుగు చదివే మనిషి దొరకలేదంటే ఎలా నమ్మమంటారు?

ఖర్చు గురించి ఎక్కువ చెప్పం. పాన్, జీఎస్టీ పత్రం, లెటర్‌హెడ్ మీద స్టాంపుతో అధికార పత్రం, ఇవన్నీ ఇచ్చాక చాలా పోర్టళ్లలో 5,000 రూపాయలు, మీద 18 శాతం పన్నుతో 5,900 కట్టాలి. పెద్ద బ్యాంకుకు అది లెక్కలోకి రాదు. ముప్పై మంది పిల్లలున్న బడికి వస్తుంది. జీఎస్టీయే లేని చిన్న సంస్థ ఏ పత్రం పెట్టాలో పోర్టల్ సరిగా చెప్పదు.

ఇన్ని దాటలేక చిన్న సంస్థలవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి, సార్. అసలు ప్రమాదం అక్కడుంది. కొందరు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి టెంప్లేట్ ఆమోదింపజేసుకుంటున్నారు. ఊళ్లో తాతయ్యకు, అమ్మమ్మకు అది చదవడం రాదు. మిగతావాళ్లు హెడర్ మాటే వదిలేసి, క్లర్కు సొంత సిమ్ నుంచి పంపుతున్నారు, లేదా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే దొంగ మెసేజి వచ్చేది కూడా పది అంకెల సిమ్ నుంచే. ట్రాఫిక్ చలానా పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వచ్చేది కూడా వాట్సాప్‌లోనే. బడి కబురు, సొసైటీ కబురు, దొంగ కబురు, మూడూ ఒకే దారిన వస్తుంటే తల్లిదండ్రులు, రైతులు ఏది నమ్మాలి? హెడర్ ఉంటే నిజం, పది అంకెలు ఉంటే అనుమానించాలి అని నేర్పాల్సిన చోట, పది అంకెల మెసేజిని నమ్మడం మనమే అలవాటు చేస్తున్నాం. రిజిస్ట్రేషన్ పెట్టిన ఉద్దేశమే దీంతో చెడిపోతోంది.

ఆ హెడర్ చదవడమైనా ఎవరికి నేర్పారు? మొదటి అక్షరం ఆపరేటరుదని, రెండోది సర్కిల్‌దని, చివర జీ ఉంటే ప్రభుత్వానిదని, పీ ఉంటే ప్రచారమని మన ఊళ్లలో చెప్పినవారు లేరు. ఏ హెడర్ ఏ సంస్థదో వెతికి చూసుకునే పోర్టల్ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టింది. మంచి పని. దాని గురించి తెలుగులో ఒక గోడపత్రిక అయినా గ్రామ సచివాలయంలో, రేషన్ షాపులో కనబడాలి కదా. అక్కర్లేని మెసేజీల మీద 1909కి ఫిర్యాదు చేసే గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగిందని ట్రాయ్ నిబంధనల 2025 ఫిబ్రవరి సవరణలో ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఊరికి ఒక్కరుంటే గొప్ప.

2021 మార్చి 8న స్క్రబ్బింగ్ మొదలుపెట్టగానే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. మర్నాడే ట్రాయ్ వారం రోజులు వాయిదా వేసింది. అది సరైన పనే. బ్యాంకు మెసేజీలు ఆగితే ఒక్క రోజులో కదిలిన యంత్రాంగం, తెలుగు మెసేజీలు ఏళ్ల తరబడి ఆగుతుంటే ఎందుకు కదలడం లేదు? ఆగిన మెసేజీల లెక్క ఆపరేటర్ల దగ్గర భాషలవారీగా తీయించండి. మీరు అడిగితే ఇస్తారు. మేం అడిగితే ఇవ్వరు.

దయచేసి ఈ కొన్ని చేయించండి. తెలుగు టెంప్లేట్‌ను తెలుగు వచ్చినవారే చూడాలి, తిప్పి పంపితే ఏ మాట దగ్గర తప్పో తెలుగులో రాయాలి. ఆమోదానికి ఆపరేటర్లందరూ ఒకే కొలత పాటించాలి. భారతీయ భాషలకు వేరియబుల్ హద్దును కనీసం రెట్టింపు చేయాలి. 2025 నవంబరులో వేరియబుల్‌లో లింకు ఉంటుందా, నంబరు ఉంటుందా అని ముందే గుర్తు పెట్టాలని ఆదేశం వచ్చింది కదా, ఆ మార్పులతో పాటే దీన్నీ చేయించవచ్చు. ప్రభుత్వ బడులకు, సహకార సంఘాలకు, ఆరోగ్య కేంద్రాలకు రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేయాలి, రెండు భాగాల తెలుగు మెసేజికి ఒకదాని ధరే తీసుకోవాలి. హెడర్ ఎలా చదవాలో తెలుగులో ప్రచారం చేయాలి.

ఇవన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. జూన్‌లో బడులు తెరుస్తారు, ఖరీఫ్ రుణాలు మొదలవుతాయి. ఆలోపు కనీసం ఆ కనబడని గుర్తు సంగతి ఒక్కటి తేల్చండి. పరీక్షించి చూడటానికి ఆమోదం పొందిన టెంప్లేట్లు, పడిపోయిన మెసేజీలు జతలు జతలుగా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా ఆ రోజే ఇస్తాం.

ఇట్లు,
తెలుగులో మెసేజీలు పంపే చిన్న సంస్థల తరఫున