పేరు రాయొద్దన్న ఆశా అక్కకు

కోనసీమ లంకల్లో తిరిగే అక్కా, మీకు మా అందరి కృతజ్ఞతలు. బిడ్డను పెంచలేనని కుమిలిపోతున్న ఏడో నెల గర్భిణికి మీరు చెప్పిన మొదటి మాటే సగం భయం తీసేసింది: "పుట్టకముందు ఎక్కడా సంతకం పెట్టకమ్మా."

కడుపులో ఉన్న బిడ్డను అప్పగించడం చట్టంలో లేదు. కాన్పయ్యాక, బాలల సంక్షేమ కమిటీ ముందు, కౌన్సెలింగ్ తర్వాతే అప్పగింత పత్రం. పెళ్లికాని తల్లయితే ఆమె సంతకం చాలు. భార్యాభర్తలైతే ఇద్దరూ పెట్టాలి. మనసు మారితే 60 రోజుల్లోపు బిడ్డను వెనక్కి అడగొచ్చు. చాలామందికి ఎవరూ చెప్పని ఈ సంగతి మీరు రెండుసార్లు చెప్పారు.

"బాండు పేపరు రాసుకుందాం, ఖర్చులిస్తారు" అంటూ వచ్చిన మధ్యవర్తిని గుమ్మంలోనే ఆపారు. ఉత్త బాండు రాతతో దత్తత అవదు. డబ్బు తీసుకుని ఇస్తే అది బిడ్డను అమ్మడమే. 5 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది చేస్తే 3 నుంచి 7 ఏళ్లు.

వంశంలో ఉన్న షుగరు, ఫిట్స్ లాంటివి కూడా అడిగి రాయించారు. రేపు ఆ బిడ్డకు వైద్యం చేసేవాళ్లకు అదెంత అవసరమో! ఆధార్, తల్లీబిడ్డల కార్డు తడవకుండా పాలిథిన్ కవరులో చుట్టి, కార్డు వెనక పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని పెద్ద అంకెల్లో రాసి, గోదారి దాటించే పంటు దాకా తోడు వెళ్లారు. ఆమె సంగతి ఆ ఊళ్లో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. చల్లగా ఉండండక్కా.