సింకు కిందకి పార్టికల్ బోర్డు ఇక కోసివ్వం అండి

కస్టమర్లందరికీ నమస్కారం అండి. ఈ నెల నుంచి మన షాపులో ఒక మార్పు, ముందే చెప్పేస్తే తర్వాత కౌంటర్ దగ్గర గొడవ ఉండదు. కిచెన్‌లో సింకు కింద బాక్సుకి, వాష్ బేసిన్ యూనిట్‌కి, బాత్రూం తలుపుకి, బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన కప్‌బోర్డుకి పార్టికల్ బోర్డు అడిగితే ఇక కోసివ్వం. డబ్బులు మావి నీకెందుకయ్యా అంటారు, ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. డబ్బు మీదే, కాదనను, కానీ ఒక్క వానాకాలం పోయాక బాక్సు అడుగు పొంగిపోయిందని ఫోన్ వచ్చేది నాకే కదా.

అలాగని పార్టికల్ బోర్డు చెత్త అనుకోకండి, నేను రోజూ అమ్మేదే అది. మన వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ నోవాపాన్ అనే అడుగుతారు. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి కర్రని చిప్స్ కొట్టి, ఎండబెట్టి, జల్లించి, ముతకది మధ్యలోకి సన్నది పైకీ కిందకీ వచ్చేలా పరిచి, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో వేడి ప్రెస్ కింద నొక్కేస్తారు. కొన్ని కంపెనీలు చెరకు పిప్పితో కూడా చేస్తాయి. మరమరాల ఉండ లాంటిదే అనుకోండి, పాకం గట్టిగా ఉన్నంతసేపే ఉండ. నీళ్ళు తగిలితే ఏమవుతుందంటే నొక్కి పెట్టిన చిప్స్ అన్నీ మళ్ళీ లావెక్కుతాయి, ఆ జిగురుకి తడి వేడి రెండూ పడవు, పట్టు వదిలేస్తుంది, తర్వాత ఎన్ని రోజులు ఎండలో పెట్టినా పాత మందానికి రాదు. ఐఎస్ 710 (ఐఎస్ అంటే భారత ప్రమాణం నంబర్) మెరైన్ ప్లైవుడ్ కథ వేరు, అందులో పల్చటి చెక్క పొరలు ఒకదానికొకటి అడ్డంగా వేసి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిస్తారు, అది నీళ్ళకి అంత తొందరగా లొంగదు.

హైదరాబాద్‌లో మా చెల్లి వాళ్ళింట్లో ఇదే బోర్డు, బాగానే ఉంది కదా అంటారు. ఉంటుందండీ, అక్కడ గాలి వేరు. ఇక్కడ మన విశాఖలో బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు కిటికీ తీసి పెడితే మంచం మీద దుప్పటి కూడా చెమ్మగా తగులుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అద్దాలు పగిలి వాన ఇంట్లోకి కొట్టిన వాళ్ళకి ఏ బోర్డు ఏమైందో నేను చెప్పక్కర్లేదు.

బెడ్‌రూం వార్డ్‌రోబ్, పిల్లల స్టడీ టేబుల్, టీవీ యూనిట్, ఆఫీస్ పార్టిషన్, షాపు ర్యాకులు, వీటికి ప్రీలామ్, అంటే పైన డిజైన్ పొర ముందే అతికించి వచ్చే పార్టికల్ బోర్డు హాయిగా వాడుకోండి. కాకపోతే నాలుగు అంచులకీ ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ) కొట్టించండి, గోడ వైపు కనపడని అంచుకి కూడా, ఎందుకంటే తడి లోపలికి పోయేది ఎక్కువగా అక్కడి నుంచే. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే ఇళ్ళు మనవి, అందుకే వార్డ్‌రోబ్‌ని నేల మీద నేరుగా కూర్చోబెట్టొద్దు, కింద పీవీసీ కాళ్ళు వేయించండి. పుస్తకాలు పెట్టే అర అయితే 18 ఎంఎం తీసుకుని 2 అడుగులకో సపోర్ట్ ఇవ్వండి, లేదంటే మధ్యలో వంగుతుంది. మేకులు వద్దు, ముందు డ్రిల్ చేసి స్క్రూ వేయాలి, అదే కన్నంలో మళ్ళీ మళ్ళీ విప్పి బిగిస్తే పట్టు పోతుంది, ఏటా ఇల్లు మారే అద్దె వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎండీఎఫ్ ఇంకో రకం బోర్డు, అది చిప్స్‌తో కాదు, కర్రని పీచు దాకా విడగొట్టి చేస్తారు, అందుకే కోసిన అంచు కూడా నున్నగా వస్తుంది. మన శ్రీకాళహస్తి దగ్గరే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. పూజ గది తలుపులకి జాలీ డిజైన్ సీఎన్‌సీ కటింగ్, పెయింట్ ఫినిష్ కావాలంటే ఇదే తీసుకోండి, కానీ నీళ్ళ విషయంలో మామూలు ఎండీఎఫ్‌ని కూడా నమ్మొద్దు. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే బోర్డు ఇంకా చిక్కగా ఉంటుంది, చెమ్మని బాగా తట్టుకుంటుంది, మా దగ్గర కిచెన్ షట్టర్లకి ఎక్కువగా పోయేది అదే, కాకపోతే చెమ్మ తట్టుకోవడం వేరు నీళ్ళలో నానడం వేరు. ఇంకోటి, లోపల పచ్చగా ఉంటే వాటర్‌ప్రూఫ్ అని ఎవరో రీల్ పెట్టారంట, అది పట్టుకుని వస్తున్నారు. ఆ పచ్చ గుర్తు కోసం కలిపే రంగు అండి, తడిని ఆపేది జిగురులో కలిపే మెలమైన్, మైనం లాంటివి. రంగు కాదు, స్టాంప్ చూడండి. ప్లెయిన్ పార్టికల్ బోర్డుకి ఐఎస్ 3087, ప్రీలామ్‌కి ఐఎస్ 12823, ఎండీఎఫ్‌కి ఐఎస్ 12406. చంటిపిల్లల గదికైతే ఈ1 గ్రేడ్ అని అడిగి తీసుకోండి, ఫార్మాల్డిహైడ్ తక్కువ వదులుతుంది, అయినా కొత్త కప్‌బోర్డు తలుపులు కొన్నాళ్ళు తెరిచి గాలి తగలనివ్వండి.

అమెరికాలో మా అబ్బాయి ఇంటి గోడలకి చిప్స్ బోర్డే కొట్టారు అనేవాళ్ళకి, అది ఓఎస్‌బీ. పొడుగాటి పేళ్ళని పొర పొరకీ దిశ మార్చి పరిచి, తడిని తట్టుకునే జిగురుతో చేస్తారు, అక్కడ గోడలకీ పైకప్పులకీ లోపల కొట్టి పైన ఇంకో కవరింగ్ వేస్తారు. మన దగ్గర అడిగేవాళ్ళు తక్కువ, స్టాక్ పెట్టట్లేదు.

ప్లై అంటగట్టడానికి ఇదంతా అనుకునేవాళ్ళు ఉంటారు, ప్లై మీద మాకు ఎక్కువ మిగులుతుంది, దాచడం ఎందుకు. అందుకే కిచెన్ మొత్తం ప్లై వేయమని నేను అనట్లేదు, సింకు బాక్సు ఒక్కటి ప్లైలో చేయించి, నీళ్ళు తగలని పై అరలు ప్రీలామ్‌లో చేయించుకోండి, మీ బడ్జెట్ పెద్దగా కదలదు. మేస్త్రీ గార్ల కమీషన్ సంగతి కూడా చెప్పేస్తా, ఈ లైన్‌లో అది అందరికీ తెలిసిందే, మా దగ్గరా ఉంది. ఈ నెల నుంచి ఏ బోర్డు కొన్నా షీటుకి ఒకటే కమీషన్, కాబట్టి మేస్త్రీ చెప్పే బోర్డులో ఆ లెక్క ఉండదు.

కౌంటర్ పక్కన బకెట్‌లో నాలుగు రకాల ముక్కలు నానేసి పెట్టాం, వచ్చినప్పుడు తీసి చూడండి, చేత్తో నలిపి చూడండి. కటింగ్ లిస్ట్ వాట్సాప్‌లో పంపేవాళ్ళు సింకు బాక్సు సైజులు ఏవో పక్కన రాసి పెట్టండి, లేదంటే మా కుర్రాడు ఫోన్ చేసి అడిగేదాకా మీ షీట్లు మెషిన్ ఎక్కవు.