ట్యాంకు అమ్మి కట్టిన బడి

అందరికీ నమస్కారం. బడి పెట్టాలంటే ముందు డబ్బుండాలని టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1945 వసంతం. ఇటలీలో రెజ్జో ఎమీలియా నగరం దగ్గర విల్లా చెల్లా అనే పల్లె. యుద్ధం ముగిసి వారం కూడా కాలేదు. జర్మన్ సైన్యం వదిలేసిన ఒక ట్యాంకు, కొన్ని లారీలు, గుర్రాలు అమ్మి, ఆ డబ్బుతో పిల్లలకు బడి కట్టాలనుకున్నారు ఊరివాళ్లు. బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలు ఏరారు, ఏటి నుంచి ఇసుక తెచ్చారు. తమ పనులు మానకుండానే, రాత్రుళ్లూ ఆదివారాలూ గోడలు లేపారు. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా కళ్లు చెమరుస్తాయి.

ఆ కబురు విని లోరిస్ మలగుజ్జి అనే యువ టీచర్ సైకిల్‌పై చూడటానికి వెళ్లి, వాళ్లతోనే కలిసిపోయారు. తల్లిదండ్రులే నడిపే బడులు మరికొన్ని వచ్చాయి. 1963లో రెజ్జో ఎమీలియా నగరపాలక సంస్థ తన మొదటి శిశుబడి తెరిచింది.