చిటికెలు వేసి పిలవొద్దురా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. రంజాన్ నెలలో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వస్తున్నావని చెప్పగానే మా ఆవిడ మీకు పడక ఏర్పాట్లు మొదలెట్టేసింది. హలీం ఎక్కడ బాగుంటుందని అడిగావు కదా, మదీనా సెంటర్ వైపు నేనే తీసుకెళ్తాను. దాని గురించి నీకు బెంగ వద్దు. నేను రాయాలనుకున్నది వేరే.

మొన్నొక ఆదివారం బిర్యానీ హోటల్లో మా పక్క టేబుల్ పెద్దమనిషి చిటికెలు వేసి సర్వర్‌ని పిలుస్తున్నాడు. ఆ అబ్బాయి చేతుల్లో మూడు ప్లేట్లు, మోచేతి మీద ఇంకోటి. "ఏయ్, సాలన్!" అని బిర్యానీలోకి పోసుకునే పులుసు అడిగాడే గానీ ఈయన అతని మొహం వైపు కూడా చూడలేదు. కాసేపటికి ఆయన కొడుకు, ఆరేడేళ్ల పిల్లాడు, వాడూ చిటికె వేశాడు. నాకు ముద్ద దిగలేదురా.

చెయ్యి కాస్త ఎత్తి, అతని చూపు మనవైపు తిరిగేదాకా ఆగి, "భయ్యా, కొంచెం సాలన్" అంటే ఈ ఊళ్లో ఎవరైనా నవ్వుతూ తెస్తారు. కావలసినవన్నీ ఒక్కసారే చెప్పేస్తే ఇంకా మంచిది. నీళ్లకోసారి, ఉల్లిపాయకోసారి, నిమ్మకాయకోసారి తిప్పితే పాపం ఆ కాళ్లు ఏం కావాలి? బిర్యానీ చల్లగా ఉంటే రెండు ముద్దలు తినగానే నెమ్మదిగా చెప్పాలి. ప్లేటు సగం ఖాళీ చేసి అరవకూడదు. వండింది అతను కాదు కదా. ఆదివారాలు మన కుర్చీ వెనకాలే జనం నిలబడి ఉంటారు, తినేశాక కబుర్లు బయట పెట్టుకుందాం.

రంజాన్‌లో ఇంకో సంగతి. హలీం కోసం గోధుమలూ మాంసమూ భట్టీల మీద గంటల తరబడి ఉడికించి, కర్రలతో దంచుతూనే ఉంటారు. 2010లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న ముద్ర కూడా వచ్చింది మన హైదరాబాదీ హలీంకి. ఆ పనివాళ్లలో, వడ్డించేవాళ్లలో చాలామంది తెల్లవారకముందు తిన్నాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లే. పొద్దుగూకగానే మసీదు నుంచి మగ్రిబ్ నమాజు పిలుపు, అదే అజాన్, వినబడగానే ఒక మూల చేరి ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. ఆ పది నిమిషాలు ఎవర్నీ పిలవొద్దు. పిల్లలు ఆకలంటే నేను బిస్కెట్లు తెస్తాలే.

బిల్లు మాటకొస్తే, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం జీఎస్టీ వేస్తారు, అది పన్ను. సర్వీస్ ఛార్జీ వేరు. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. అలా కలిపితే తీసెయ్యమని మేనేజర్‌ని అడుగు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. అంతేగానీ బిల్లు తెచ్చినవాడి మీద ఎగరడం అన్యాయం. అతను వేసింది కాదది, అందులో అతనికి ఎంత ముడుతుందో కూడా మనకి తెలియదు. ఈమధ్య అందరూ ఫోన్‌తోనే కట్టేస్తున్నారు, టిప్పు మాట మరిచిపోతున్నారు. నువ్వు మాత్రం జేబులో కాసిని చిన్న నోట్లు ఉంచుకో. టేబుల్ మీద పడెయ్యకుండా చేతికివ్వు.

మీ పెద్దాడు బాగా మాటకారి అన్నావుగా, ఈసారి ఆర్డర్ వాణ్ణే చెప్పనిద్దాం. తెచ్చాక థాంక్స్ కూడా వాడే చెప్పాలి. ఏ రైలుకొస్తున్నారో రాయి, స్టేషన్‌కి వస్తాను.

నీ
రాము